గురక సుఖనిద్రకు గురుతు కాదు

మన పల్లెలలో పగలంతయు కష్టించి వచ్చిన మనిషి మంచముపై వాలినంతనే గుర్రుపెట్టినచో, "ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడు!" అని ఇంటివారు సంతసింతురు. గుర్రుపెట్టి నిద్రించుట యనగా గాఢముగ, సుఖముగ నిద్రించుట యనియే మన భాషలో అర్థమేర్పడినది. కుంభకర్ణుని పాత్రను ధరించినవాడు గురకను అభినయించి చూపనిదే వీధి నాటకమున ప్రేక్షకులకు తృప్తి కలుగదు. ఇంటిలో గురక పెట్టువారిని చూచి పిల్లలు నవ్వుకొందురు, పెద్దలు విసుగుకొందురు. అంతటితో ఆ ముచ్చట ముగియును.

కాని వైద్యశాస్త్రము ఈ విషయమున మరియొక మాట చెప్పుచున్నది. గురక పెట్టు వారందరును రోగులు కారు. అయినను గురక పెట్టువారిలో కొందరికి నిద్రలో ఊపిరి పలుమారులు ఆగిపోవుచుండును. ఆ సంగతి వారికే తెలియదు. తెల్లవారి లేచినపుడు అలసట తీరదు. పగటివేళ కూర్చున్నచోటనే కునుకు పట్టును. క్రమముగ రక్తపుపోటు, గుండె జబ్బు పట్టుకొనును. దీనిని కనుగొను మార్గము కలదు. నయము చేయు మార్గములును కలవు. వానిలో ఒకటి దంతవైద్యుని చేతిలో నున్నదని వినిన మన పాఠకులలో అనేకులు ఆశ్చర్యపడవచ్చును. కావున ఈ విషయమును సమగ్రముగ తెలిసికొనుట యవసరము.

ఒక రాత్రి జరిగినది

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ వ్యాసకర్త దేవరకొండ ప్రాంతమున ఒక గ్రామములో ప్రచార కార్యక్రమము ముగించుకొని, అర్ధరాత్రి వేళ నల్గొండకు తిరిగి వచ్చుచుండెను. వాహనమును నడుపుచున్న డ్రైవరు నలువది యైదేండ్లవాడు, బొద్దుమనిషి, నెమ్మదస్తుడు. కల్లు గాని, సారాయి గాని ముట్టనివాడు. రోడ్డు తిన్నగా నున్నది, ఎదుట మరియే వాహనమును లేదు. అకస్మాత్తుగ మా వాహనము రోడ్డు దిగి, పత్తి చేనిలోనికి పోయి, గట్టునకు తగిలి నిలిచినది. ఎవరికిని పెద్ద దెబ్బలు తగులలేదు. డ్రైవరు కన్నులు తెరచి, "ఏమైంది సార్?" అని మమ్ములనే అడిగెను. చక్రము చేతిలో నుండగనే అతడు నిద్రపోయినాడు.

మరునాడు కొందరు అతడు త్రాగియుండునని అనుమానించిరి. కొందరు సోమరి యనిరి. అతని భార్య చెప్పిన మాట మాత్రము వేరు: "రాత్రి గురక పెడుతనే ఉంటడు సార్. మధ్యల ఒక్కసారి సప్పుడు బందైతది. ఊపిరి సుత ఆగుతది. నేను భయపడి తట్టి లేపుత." ఏండ్ల తరబడి ఆమె ప్రతిరాత్రియు చూచుచున్న ఆ సంగతినే వైద్యునకు చెప్పవలసి యుండెను. వైద్యుని వద్దకు ఎవరును పోలేదు. గురక ఒక జబ్బుకు సూచన కావచ్చునని ఎవరికిని తోచకపోవుటయే దానికి కారణము.

ఊపిరి ఎట్లు ఆగును?

ముక్కునుండి ఊపిరితిత్తులకు గాలి పోవు త్రోవలో గొంతు భాగము చిత్రమైనది. ముక్కులో ఎముక కలదు. గొంతునకు క్రిందనున్న గాలిగొట్టమును మృదులాస్థి కట్లు తెరచి నిలుపును. నడుమనున్న గొంతునకు మాత్రము అట్టి ఆధారము లేదు. కొండనాలుక, దాని చుట్టునున్న మెత్తని అంగిలి, నాలుక మొదలు, ప్రక్కల టాన్సిళ్ళు - ఇవి యన్నియు మెత్తని మాంసమే. మేలుకొని యున్నప్పుడు కండరములు బిగువుగ నుండి ఈ త్రోవను తెరచి యుంచును. నిద్రలో ఆ బిగువు సడలును. వెల్లకిల పరుండినపుడు నాలుక తన బరువుచేత వెనుకకు జారును. త్రోవ ఇరుకగును. ఇరుకు సందులో గాలి వేగముగ పోవుటచేత కొండనాలుక, మెత్తని అంగిలి అదరును. ఆ అదురుటయే గురక.

త్రోవ ఇంకను ఇరుకై పూర్తిగ మూసికొనిపోయినచో గురక ఆగును, ఊపిరియు ఆగును. రొమ్ము, కడుపు పైకి క్రిందికి కదలుచునే యుండును. కాని లోనికి గాలి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు ఆపదను గ్రహించి మనిషిని అర్ధస్పృహకు తెచ్చును. అతడు ఒక్కసారి ఉలికిపడి, పెద్ద శబ్దముతో గాలి పీల్చుకొని, మరల నిద్రలోనికి జారును. మరల నాలుక వెనుకకు జారును. ఈ వలయము తెల్లవారువరకు తిరుగుచునే యుండును. దీనిని వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు. నిద్రలో శ్వాసభంగము అని మనము చెప్పుకొనవచ్చును.

ఒక్కొక్క సారి 10 సెకనులు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగుటనే వైద్యులు లెక్కకు తీసికొందురు. ఊపిరి పూర్తిగ ఆగుటయు, చాలవరకు తగ్గుటయు కలిపి గంటకు సగటున 5 నుండి 15 లోపు సారులైనచో స్వల్పము, 15 నుండి 30 లోపైనచో మధ్యమము, 30 గాని అంతకు మించి గాని అయినచో తీవ్రము అని విభజింతురు. గంటకు 30 సారులనగా రెండు నిమిషముల కొక్కసారి ఊపిరి అడ్డుపడుట యని అర్థము. అట్టి మనిషి ఎనిమిది గంటలు పరుండినను నిద్రించినట్లు కాదు.

ప్రపంచమున 30 మొదలు 69 ఏండ్ల వయస్సుగల వారిలో సుమారు 93 కోట్లమందికి ఈ బాధ ఏదో యొక స్థాయిలో నుండవచ్చునని 2019లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందము అంచనా వేసినది. మన దేశములో సుమారు 10 కోట్లకు పైగా జనులకు ఈ బాధ కలదని 2023లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు పలు అధ్యయనములను కూర్చి లెక్కగట్టిరి. ఇది పట్టణవాసులకే, ధనికులకే వచ్చు జబ్బు కాదు.

దీనివలన కలుగు హాని

ఊపిరి ఆగిన ప్రతిసారియు గుండె అదనముగ శ్రమించును, రక్తపుపోటు పెరుగును. రాత్రికి వందల సారులు, ఏండ్ల తరబడి ఇట్లు జరిగినచో పగటివేళ కూడ రక్తపుపోటు దిగదు. మూడు రకముల మందులు వాడినను పోటు తగ్గనివారిలో ఈ శ్వాసభంగము తరచుగ కానవచ్చును. గుండె లయ తప్పుట, పక్షవాతము, మధుమేహము అదుపు తప్పుట - వీనితోను దీనికి సంబంధము కలదు. ఉదయము తలనొప్పి, నోరు ఎండుట, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, మతిమరపు, చీటికిమాటికి కోపము కూడ లక్షణములే.

అన్నిటికంటె తక్షణ ప్రమాదము పగటి కునుకు. మన రెండు పాత జిల్లాల నుండి రెండు గొప్ప రహదారులు పోవుచున్నవి. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి చౌటుప్పల, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగ పోవును. బెంగుళూరు వైపు పోవు 44వ జాతీయ రహదారి షాద్‌నగరు, జడ్చర్లల మీదుగ పోవును. వీనిపై రేయింబవళ్ళు లారీలు, బస్సులు, ట్రాక్టరులు నడచుచుండును. వానిని నడుపువారు మన ఊరివారే. ఒక్క క్షణము కన్ను మూతపడినచో ఎన్ని కుటుంబములు ఏడ్వవలసి వచ్చునో చెప్పనక్కరలేదు. వరికోత యంత్రము నడుపువారికి, బావి గట్టున మోటారు చెంత పనిచేయు వారికి, ఎత్తైన కట్టడములపై పనిచేయు పాలమూరు కూలీలకు సైతము ఈ కునుకు ప్రాణాంతకము.

ఎవరు అనుమానింపవలెను?

ఈ క్రింది ప్రశ్నలను ఇంటిలోనే వేసికొనవచ్చును. మూసిన తలుపు అవతలకు వినబడునంత గట్టిగ గురక వచ్చుచున్నదా? పగటివేళ అలసట, కునుకు కలుగుచున్నదా? నిద్రలో ఊపిరి ఆగుట ఇంటివారెవరైన చూచిరా? రక్తపుపోటు కలదా? శరీరము లావెక్కినదా? వయస్సు 50 దాటినదా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లకు మించినదా? పురుషుడా? ఈ ఎనిమిదింటిలో మూడింటికి గాని అంతకు మించి గాని అవునను సమాధానము వచ్చినచో వైద్యుని సంప్రదింపవలెను. స్త్రీలకు ఈ బాధ రాదని తలచుట పొరపాటు. ముట్లుడిగిన పిదప వారిలో ఇది పెరుగును. సన్నగ నున్నవారిలో సైతము క్రింది దవడ చిన్నదై వెనుకకు నున్నచో ఈ బాధ కలుగవచ్చును.

రోగిని కనిపెట్టువారు అతని ప్రక్కన నిద్రించు వారే. కావున వైద్యుని వద్దకు ఒంటరిగ పోక, భార్యను గాని, భర్తను గాని, తల్లిని గాని వెంట దీసికొని పోవలెను. సెల్‌ఫోనులో ఆ గురకను, ఊపిరి ఆగు తీరును రెండు నిమిషములు చిత్రించి చూపినను వైద్యునకు మేలు.

నిజము తేల్చునది నిద్ర పరీక్ష. రాత్రి నిద్రించునపుడు ముక్కు కడ గాలి రాకపోకలను, రొమ్ము కదలికను, వ్రేలికి తగిలించిన చిన్న పరికరముతో రక్తములోని ప్రాణవాయువును కొలుతురు. ఆసుపత్రిలో చేయు పూర్తి పరీక్షలో మెదడు, గుండె తరంగములను కూడ గుర్తింతురు. ఇంటియొద్దనే చేయదగిన చిన్న పరీక్షయు కలదు. ఇందులో కోత లేదు, నొప్పి లేదు. ఈ పరీక్ష లేక ఏ చికిత్సయు ప్రారంభింపరాదు. గురకను మాత్రము అణచి, ఆగుచున్న ఊపిరిని అట్లే విడిచినచో, పొగను కనబడనీయక నిప్పును దాచినట్లగును.

చికిత్స యెట్లు పెరిగినది?

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు 1836-37లలో వ్రాసిన ఒక నవలలో, నిలుచున్నచోటనే నిద్రపోయి గురక పెట్టు లావుపాటి బాలుడు ఒకడు కలడు. పాఠకులు నూరేండ్లకు పైగా అతనిని చూచి నవ్విరి. 1956లో అమెరికా వైద్యులు కొందరు అట్టి రోగిని వర్ణించుచు ఆ నవల పేరునే ఆ జబ్బునకు పెట్టిరి. 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల వైద్యులు వేర్వేరుగ పరీక్షలు చేసి, నిద్రలో ఊపిరి ఆగుటను యంత్రములపై నమోదు చేసిరి. ఆ కాలమున తీవ్ర రోగికి గొంతుకు ముందు రంధ్రము చేసి గొట్టమమర్చుట తప్ప వేరు మార్గము లేకుండెను.

1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సలివాన్ అను వైద్యుడు, ముక్కుపై తొడుగు నుంచి, దానిద్వారా మెల్లని ఒత్తిడితో గాలిని పంపి గొంతు మూసికొనకుండ నిలుపు పద్ధతిని ప్రకటించెను. దానినే సీపాప్ యంత్రమందురు. తీవ్రమైన శ్వాసభంగమునకు నేటికిని అదియే ముఖ్య చికిత్స. కాని దానికి రాత్రియంతయు విద్యుత్తు కావలెను. ముఖముపై తొడుగును అందరును ఓర్వలేరు. ఊరూర తిరుగు లారీ డ్రైవరు, వలస కూలి దానిని వెంట మోసికొని పోవుట కష్టము.

ఇచ్చటనే దంతవైద్యుని సాయము కావలసి వచ్చును. ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ రోబాన్ 1902లోనే, పుట్టుకతో క్రింది దవడ చిన్నదై నాలుక వెనుకకు జారు బిడ్డల కొరకు, దవడను ముందుకు నిలుపు నోటి పరికరమును వర్ణించెను. 1980ల తరువాత పెద్దల శ్వాసభంగమునకు ఆ సూత్రమునే అన్వయించిరి.

దంతవైద్యుడు ఏమి చేయును?

సూత్రము చాల సులభము. మీరు అద్దము ముందు నిలిచి క్రింది దవడను ముందుకు చాపి చూడుడు. నాలుక మొదలు దవడకు అంటియున్నది కావున దవడతోపాటు నాలుకయు ముందుకు వచ్చును; గొంతు విశాలమగును. స్పృహ తప్పినవాని ఊపిరి సాగుటకు ప్రథమ చికిత్స చేయువారు దవడను ముందుకెత్తుట ఇందువలననే. ఆ పనినే రాత్రియంతయు చేయునది ఈ పరికరము.

దంతవైద్యుడు మొదట పళ్ళను, చిగుళ్ళను, దవడ కీళ్ళను పరీక్షించును. పిదప పై పళ్ళకు, క్రింది పళ్ళకు అచ్చు తీయును. ఆ అచ్చుననుసరించి రెండు తొడుగులు తయారగును. ఒకటి పై పంటి వరుసకు, రెండవది క్రింది వరుసకు. రెండింటిని కలుపు మరగాని, పట్టీగాని క్రింది దవడను కొంచెము ముందుకు నిలుపును. మనిషి తన దవడను ఎంత ముందుకు చాపగలడో, అందులో సుమారు సగము మొదలు ముప్పాతిక వంతు వరకు క్రమక్రమముగ జరుపుదురు. ఒక్కసారిగ జరుపరు. కొన్ని వారములు కొంచెము కొంచెముగ సరిచూచి, గురక, కునుకు తగ్గిన పిదప, పరికరము ధరించి యుండగ మరల నిద్ర పరీక్ష చేయింతురు. ఈ రెండవ పరీక్షను ఎంతమాత్రము విడువరాదు. గురక ఆగినంత మాత్రమున ఊపిరి సరిపడినట్లు కాదు.

స్వల్ప, మధ్యమ స్థాయి రోగులకు ఈ పరికరము తగినది. తీవ్ర రోగులకు మొదట యంత్రమే మంచిది; దానిని ఎంత ప్రయత్నించినను ఓర్వలేనివారికి దీనిని అమర్చుదురు. ఊపిరి ఆగుటను తగ్గించుటలో యంత్రమునకే బలమెక్కువ. కాని రాత్రియంతయు ధరింపగల ఓర్పు పరికరమునందే ఎక్కువమందికి కుదురును. పెట్టెలో నున్న గొప్ప మందుకంటె నోటిలో పడిన చిన్న మందు మేలుకదా! అమెరికాలోని నిద్ర వైద్యుల, దంతవైద్యుల సంఘములు రెండును కలిసి 2015లో ఇట్టి సలహానే ప్రకటించినవి: పరికరము రోగి పళ్ళ కొలతకే చేయించవలెననియు, అవసరమునుబట్టి జరుపదగినదై యుండవలెననియు, దంతవైద్యుడు, నిద్ర వైద్యుడు ఇరువురును రోగిని కనిపెట్టి యుండవలెననియు చెప్పినవి.

దీనికి చిక్కులు లేకపోలేదు. మొదటి దినములలో లాలాజలము ఊరును. ఉదయము దవడ నొప్పి కలుగును. ఇవి చాలవరకు కొన్ని వారములలో సర్దుకొనును. ఏండ్ల తరబడి వాడినచో పళ్ళ కలయిక కొంత మారవచ్చును. కావున ఏటేట దంతవైద్యునకు చూపుకొనవలెను. ప్రతి ఉదయము పరికరమును చన్నీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, డబ్బీలో దాచవలెను. వేడినీటిలో వేసినచో అది వంకర తిరిగిపోవును. పెరటిలో విడిచినచో కుక్కలు కొరికివేయును. సంతలలో, ఫోనులలో చవుకగ అమ్ముడగు తొడుగులను పరీక్ష లేక నోట పెట్టుకొనుట మంచిది కాదు.

మన ప్రాంతపు పళ్ళ సంగతి

ఈ పరికరమునకు ఆధారము పళ్ళు. పై వరుసలోను, క్రింది వరుసలోను గట్టి పళ్ళు తగినన్ని లేనిచో అది నిలువదు. ఈ విషయమున నల్గొండ సీమవారికి ఒక ప్రత్యేకమైన కష్టము కలదు. మన భూగర్భ జలములలోని ఫ్లోరైడు ఎన్నో తరముల పళ్ళను, ఎముకలను పాడుచేసినది. మన దేశములో ఈ జబ్బును 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు ప్రాంతమున శాస్త్రీయముగ వర్ణించిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్గొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించెను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతముల పేరులు ఈ కష్టముతోనే దేశమంతట వినబడినవి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును విడదీయు పద్ధతిని నాగపూరులోని పరిశోధన సంస్థ రూపొందింపగ, దానికి నల్గొండ పద్ధతి యను పేరే నిలిచినది.

ఫ్లోరైడు పట్టిన పళ్ళపై మొదట సుద్దవంటి తెల్లని చారలు, పిదప గోధుమరంగు మచ్చలు కలుగును. తీవ్రమైనచో గుంటలు పడి అంచులు పెళుసై విరుగును. మచ్చలు మాత్రమే గల పన్ను బలహీనమైనది కాదు. దానిపై పరికరము నిలుచును. కావున "మా పళ్ళు గారపళ్ళు, మాకు ఈ వైద్యము కుదరదు" అని ముందే నిరాశపడరాదు. పెళుసైన పళ్ళకు దంతవైద్యుడు ముందుగ తొడుగులు వేసి, పుచ్చిన వానిని పూరించి, చిగుళ్ళ వాపు తగ్గించి, ఆపైన ఆలోచించును. పళ్ళు చాలవరకు ఊడిపోయిన వృద్ధులకు దవడ పరికరము కుదరదు. వారికి యంత్రమే మేలు. ఫ్లోరైడుచేత మెడ, వెన్ను బిగుసుకొనిపోయిన వారు ఒత్తిగిలి పరుండుటకు సైతము కష్టపడుదురు. అట్టివారు తమ స్థితిని వైద్యునకు విడమరచి చెప్పవలెను.

గుట్కా, వక్కపొడి నమలువారికి మరియొక అడ్డంకి. అంటుకొనిపోయిన బుగ్గలతో నోరు రెండు వ్రేళ్ళ మేర కూడ తెరువలేనివానికి అచ్చు తీయుటయే సాధ్యము కాదు. ఆ స్థితి క్యాన్సరుకు కూడ దారితీయును. గుట్కాను నేడే మానుట అన్నివిధముల లాభము.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే ఈ ప్రాంతమునకు కృష్ణా జలము త్రాగునీరుగ వచ్చినది. పిల్లల స్థిర దంతములు దవడలో తయారగునది మొదటి ఎనిమిదేండ్ల లోపుననే. కనుక చిన్న బిడ్డలకు బోరు నీరు త్రాగింపక, వంటకు సైతము ఆ నల్లా నీటినే వాడవలెను. ఈనాడు బిడ్డకు ఇచ్చు మంచినీరు రేపటి గట్టి పన్ను.

బిడ్డలలో గురక

చిన్నపిల్లలు గురక పెట్టుట ముద్దుగ తోచవచ్చును. కాని రోజును గురక పెట్టుచు, నోరు తెరచి నిద్రించు బిడ్డను తప్పక వైద్యునకు చూపవలెను. పిల్లలలో ముఖ్య కారణము టాన్సిళ్ళు, ముక్కు వెనుకనుండు అడినాయిడ్లు వాచుట. అట్టి బిడ్డ రాత్రి పక్క తడుపును, చెమటలు పట్టును, పగలు బడిలో చికాకుపడును, చదువునందు వెనుకబడును. ఉపాధ్యాయుడు మొద్దు అని కొట్టిపారవేయును. నిజమునకు ఆ బిడ్డకు లోపించినది బుద్ధి కాదు, నిద్ర. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు పరీక్షించి, అవసరమైనచో శస్త్రచికిత్సతో ఆ వాచిన భాగములను తొలగించును. అంగిలి ఇరుకై పళ్ళు ఎగుడుదిగుడుగ నున్న బిడ్డలకు దంతవైద్యుడు మరగల పలకనమర్చి అంగిలిని నెమ్మదిగ వెడల్పు చేయును. ఎదుగు వయస్సులోనే ఇది సులభముగ సాధ్యము.

కల్లు, మత్తు మందులు

సాయంకాలము త్రాగిన కల్లు గాని, సారాయి గాని గొంతు కండరములను మరింత సడలించును. మెదడు మేలుకొల్పు శక్తిని మందగింపజేయును. గురక పెట్టువానికి ఇది రెండింతల హాని. అంతకు మించిన ఆపద కల్తీ కల్లు. తాటిచెట్టు, ఈతచెట్టు దిగిన స్వచ్ఛమైన కల్లునకు బదులు క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లును అమ్మువారు మన ప్రాంతమున పలుమారులు పట్టుబడిరి. ఇవి నిద్ర మందులు. ఊపిరి ఆగు జబ్బు గలవాడు వీనిని త్రాగి పరుండినచో, ఆగిన ఊపిరి మరల సాగుట కష్టము కావచ్చును. అయితే ఒక హెచ్చరిక: ఏండ్ల తరబడి ఇట్టి కల్లునకు అలవాటుపడినవాడు ఒక్కసారిగ మానినచో వణుకు, మూర్ఛలు కలుగవచ్చును. కావున ప్రభుత్వాసుపత్రి వైద్యుని పర్యవేక్షణలోనే మానిపింపవలెను. నిద్ర పట్టుట లేదని దుకాణమున నిద్ర మాత్రలు కొని మ్రింగుటయు ఇట్టిదే.

మనము చేయదగినవి

బరువు తగ్గుట మొదటి మందు. శరీరపు బరువులో పదవ వంతు తగ్గినచో ఊపిరి ఆగుట సుమారు నాల్గవ వంతు తగ్గునని అమెరికాలో ఏండ్ల తరబడి జరిగిన ఒక అధ్యయనము తెలిపినది. పాలిష్ బియ్యము తగ్గించి, మన మెట్ట నేలలలో పండు జొన్న రొట్టెను, కూరగాయలను మితముగ భుజించుట మంచిది. వెల్లకిల కాక ప్రక్కకు ఒత్తిగిలి పరుండవలెను. నిద్రలో మరల వెల్లకిలకు తిరుగు అలవాటున్నచో, బనియను వీపున చిన్న జేబు కుట్టి అందులో బంతినుంచుట పాత ఉపాయము. బీడి, సిగరెట్టు మానవలెను. ముక్కు దిబ్బడ యున్నచో చికిత్స చేయించుకొనవలెను. ఏ శస్త్రచికిత్సకైన మత్తు ఇచ్చుటకు ముందు ఆ వైద్యునకు తన గురక సంగతి చెప్పవలెను.

ముందుగ మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని, పల్లె దవాఖానాలోని వైద్యునకు గాని చెప్పి, రక్తపుపోటు, చక్కెర చూపించుకొనుడు. అచ్చటినుండి నల్గొండ, మహబూబ్‌నగరు పట్టణములలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు పోవచ్చును. దంతవైద్యమునకు హైదరాబాదు అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంత వైద్యశాల కలదు. నార్కట్‌పల్లిలోను, మహబూబ్‌నగరులోను దంత వైద్య కళాశాలలు కలవు. నిద్ర పరీక్ష, పరికరము ఏ చోట దొరకునో, ఎంత వ్యయమగునో, ఆరోగ్యశ్రీ వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగ అడిగి తెలిసికొనవలెను.

పైన చెప్పిన డ్రైవరు కథ ముగింపు కూడ చెప్పవలెను. భార్య వెంటరాగ అతడు వైద్యునొద్దకు పోయెను. నిద్ర పరీక్షలో మధ్యమ స్థాయి జబ్బని తేలినది. యంత్రమును ఒక నెల ప్రయత్నించి ఓర్వలేకపోయెను. అతని పళ్ళు గోధుమ మచ్చలు గలవే, అయినను గట్టివి. పుచ్చిన రెండు పళ్ళను పూరించి, దంతవైద్యుడు పరికరమమర్చెను. కొన్ని నెలల పిదప చేసిన పరీక్షలో ఊపిరి ఆగుట చాలవరకు తగ్గినది. వైద్యుడు అనుమతించు వరకు అతడు చక్రము పట్టలేదు. ఆ కొన్ని నెలలు కార్యాలయమున వేరు పని చేసెను. నేడు మరల వాహనము నడుపుచున్నాడు. అతని భార్య రాత్రులు మేలుకొని కాపలా కాయుట మానినది.

మీ ఇంటిలో గురక వినబడినపుడు నవ్వి ఊరకుండకుడు, కసరి ప్రక్క గదికి పంపకుడు. ఒక్క రాత్రి దీపము తగ్గించి, ప్రక్కన కూర్చుండి, శ్రద్ధగ వినుడు. ఆ శబ్దము నడుమ నిశ్శబ్దము వచ్చుచున్నదేమో గమనింపుడు. వచ్చుచున్నచో తెల్లవారినంతనే వైద్యుని వద్దకు పయనము కండు.